తెరిపించిన కళ్ళు

నా ఫోటోల ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నవాళ్ళను చాలామందినే చూశాను. ఢిల్లీలో చూశాను, బొంబాయిలో చూశాను, మన ఊళ్ళోనూ చూశాను. తుడుచుకున్నాక వాళ్ళు టీ తాగి, సమోసా తిని, ఇంటికి పోయేవాళ్ళు. ఫోటోల్లో ఉన్నవాళ్ళకు ఆ కన్నీళ్ళతో ఒక్క పూట గడిచింది లేదు. ఈ మాట అంటే నాకు పొగరు అంటారు. పొగరే అనుకోండి. ఇన్నేళ్ళు కెమెరా మోసిన భుజం, ఆమాత్రం ఉండనీయండి.

మాది పాతబస్తీలో జహనుమా. నాన్న రైల్వేలో ఫిట్టరు. నన్ను కూడా అక్కడే ఎక్కడో ఒకచోట ఇరికించాలని ఆయన తాపత్రయం. నేను పదో తరగతి తప్పాను. మామూలుగా తప్పడం కాదు, లెక్కల్లో వచ్చిన మార్కులు ఇప్పటికీ నా భార్యకు చెప్పలేదు. దాంతో నాన్న ఆశ వదులుకుని, తెలిసినవాళ్ళను పట్టుకుని నయాపూల్ దగ్గర ఒక ఫోటో స్టూడియోలో చేర్పించాడు. "ఫోటోలు దీసి ఎవడన్న బతికిండార్రా?" అని ఆయనే అనేవాడు, ఆయనే సైకిలు కొనిచ్చాడు.

స్టూడియో ఓనరు ఒక సేటు. వాళ్ళది తాతల నాటి నుంచి బేగంబజారులో గిన్నెల వ్యాపారం. ఈయనకు మాత్రం గిన్నెల చప్పుడు పడక స్టూడియో పెట్టుకున్నాడు. కోర్టు పక్కనే కాబట్టి సగం గిరాకీ వకీళ్ళది. కూలిన గోడలు, గుద్దుకున్న స్కూటర్లు, అనుమానం ఉన్న సంతకాలు పెద్దవి చేయడం. "వెనక మన మొహర్ గుద్దిన ఫోటో పోయిందంటే జడ్జి సాబ్ రెండోసారి చూడడు" అని సేటు గొప్పగా చెప్పుకునేవాడు.

తక్కిన సగం పెళ్ళిళ్ళది, చావులది. చావుల సంగతి కొంచెం చెప్పాలి. అప్పట్లో కూలీనాలీ చేసుకునే ఇళ్ళల్లో మనిషి బతికుండగా ఫోటో తీయించుకోవడం ఎక్కడిది? మనిషి పోయాక గుర్తొచ్చేది, దినాల నాడు పూలదండ వేయడానికి ఫోటో లేదని. పరిగెత్తుకుంటూ మా దగ్గరికి వచ్చేవాళ్ళు. మేము వెళ్ళి శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి తీసేవాళ్ళం. కానీ కళ్ళు మూసుకున్న ఫోటో ఇంట్లో పెట్టకూడదు, అరిష్టం. అందుకని కళ్ళు తెరిపించాలి. ఆ పని మా స్టూడియోలో ఒక పెద్దాయన చేసేవాడు. ఆయనను అందరం ఉస్తాద్ అనేవాళ్ళం.

నెగటివ్‌లో అన్నీ తలకిందులు. ఫోటోలో తెల్లగా కనపడాలంటే ఫిల్మ్ మీద పెన్సిలుతో రుద్దాలి. నల్లగా కనపడాలంటే చిన్న కత్తితో ఆ చోట గీకాలి. ఉస్తాద్ కిటికీ దగ్గర కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, చచ్చిన మనిషి రెప్పల మీద ముందు పెన్సిలు రుద్దేవాడు. తర్వాత ఊపిరి బిగబట్టి నల్లగుడ్డు గీకేవాడు. సాయంత్రానికి మనిషి చూసేవాడు. ఇంటివాళ్ళు వచ్చి ఆ ఫోటో చేతిలోకి తీసుకుని బోరుమని ఏడ్చి, ఉస్తాద్ చేతులు కళ్ళకద్దుకునేవాళ్ళు. నాకు మొదట్లో భయం వేసేది. తర్వాత అలవాటైపోయింది. అలవాటు కానిదేముంది లోకంలో?

కొన్నేళ్ళకు నేను ఒక పాత కెమెరా సంపాదించాను. పై నుంచి వంగి చూసే డబ్బా కెమెరా, పెద్ద ఫిల్మ్ పడుతుంది. పెళ్ళికూతుళ్ళను పూలగుత్తి పట్టించి నిలబెట్టడం నాకు విసుగొచ్చింది. పొద్దున స్టూడియోకు పోయే ముందు గల్లీల్లో తిరగడం మొదలుపెట్టాను. మూసీలో మురికినీళ్ళల్లో నిలబడి బట్టలు ఉతికేవాళ్ళు, ధూల్‌పేట్‌లో వినాయకుళ్ళు చేసే ఇళ్ళల్లో రంగు పీల్చి పీల్చి దగ్గేవాళ్ళు, కర్ఫ్యూలో పాల కోసం తలుపు సందులోంచి చెయ్యి చాపిన ముసలమ్మ. పత్రికలవాళ్ళు ఒకటీ అరా వేశారు. వేసిన రోజు నాన్న కాగితం తెరిచి చూసి, "దేశంల ఇంతకన్న మంచి మొఖాలు దొరకలేవా నీకు?" అన్నాడు. అన్నాడే కానీ ఆ కాగితాన్ని ఎవరూ చూడకుండా పెట్టెలో దాచుకున్నాడు.

మా బస్తీలో, మా ఇంటి వెనక గల్లీలో, ఒక అన్న ఉండేవాడు. మునిసిపల్ ఆఫీసు కింద మోరీలు తీసే పని. మ్యాన్‌హోల్ మూత తీసి, నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగి, చేతులతో మడ్డి ఎత్తి బకెట్లో వేయాలి. చాలా ఏళ్ళు రోజుకూలీ మీద దిగి దిగి, ఆ మధ్యనే పర్మినెంటు అయ్యాడు. అయిన రోజు గల్లీ మొత్తానికీ మిఠాయి పంచాడు. అతని భార్యను నేను వదినా అనేవాణ్ణి. ఇద్దరు పిల్లలు.

ఒక పొద్దున శాలిబండ దాటుతుంటే రోడ్డు మీద గుంపు. లొల్లి లొల్లిగా ఉంది. సైకిలు పడేసి లోపలికి దూరాను. అన్నను అప్పుడే పైకి లాగారు. మ్యాన్‌హోల్ పక్కనే, ఆఫీసు తోపుడుబండి చక్రానికి ఆనించి కూర్చోబెట్టారు, ఎవరో ముఖం మీద నీళ్ళు కొడుతున్నారు. నీళ్ళు కొడితే లేచే స్థితి కాదని చూడగానే తెలిసింది. ముఖమంతా నల్ల మడ్డి. కళ్ళు మూసి ఉన్నాయి. నడుముకు తాడు ఇంకా ఉంది. లోపల గ్యాసు కొట్టి పడిపోయాడట.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కెమెరా తీశాను. పని చేయించే జమాదారు అడ్డం వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టాడు. "ఏయ్, ఫోటో గీటో వద్దు. నీకేం పనిర ఈడ?" అన్నాడు. నేనూ ఊరుకోలేదు, నోటికి వచ్చిందల్లా తిట్టాను. ఆ తోపులాటలో తీసినవన్నీ పాడైపోయాయి, ఒకదాంట్లో జమాదారు అరచెయ్యి, ఒకదాంట్లో గుంపు వీపులు. ఒక్కటి మాత్రం కుదిరింది. అందులో అన్న ముఖం, నడుముకు తాడు, తెరిచిన మ్యాన్‌హోల్, వెనక ఆఫీసు పేరు రాసి ఉన్న తోపుడుబండి, అన్నీ ఉన్నాయి.

వదినకు కబురు చేసి, శవంతో పాటు నేనే దవాఖానాకు పోయాను. దారిలో స్టూడియో దగ్గర ఆగి రీలు లోపల ఇచ్చేసి, కడిగి ఉంచమని చెప్పాను. దవాఖానాలో ఊపిరాడక చచ్చాడని రాశారు. ఎక్కడ అన్నది రాయలేదు. ఆ రాత మీదే అంతా నిలబడి ఉందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

డ్యూటీలో పోతే ఆ కొలువు భార్యకు ఇస్తారు. డ్యూటీలో లేనప్పుడు పోతే ఏమీ రాదు. వారం తిరక్కముందే ఆఫీసు నుంచి మాట వచ్చింది. ఆ రోజు అతను డ్యూటీకే రాలేదట. తాగి ఎక్కడో నాలాలో పడ్డాడట. జమాదారు హాజరీ వేయలేదు, అంతే. తాడు పట్టుకున్న జతగాళ్ళు నోరు మెదపలేదు. వాళ్ళను తిట్టుకున్నాను కానీ, వాళ్ళకూ పిల్లలున్నారు, రేపు అదే జమాదారు చేతి కింద దిగాలి. వదిన అర్జీ పెడితే, విచారణ చేస్తాం, రుజువు తెమ్మన్నారు.

"ఫికర్ చెయ్యకు వదినా, నా దగ్గర ఫోటో ఉంది" అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "తమ్మీ, ఆ కొలువు ఒక్కటి వస్తే చాలు, పిల్లలను మోరీలకు దింపకుండ సాదుకుంట" అంది.

దినాల రోజు వాళ్ళింటికి వెళ్ళాను. గోడకు ఆనించి పీట మీద ఫోటో, దానికి బంతిపూల దండ, ముందు దీపం. వంగి చూశాను.

అది నేను తీసిన ఫోటోనే. కానీ అన్న నా వైపు చూస్తున్నాడు. ముఖం శుభ్రంగా ఉంది, మడ్డి జాడ లేదు. కళ్ళు తెరిచి, కొంచెం అలసిపోయినట్టు, మంచిగా చూస్తున్నాడు. పక్కన మ్యాన్‌హోల్, వెనక బండి. పని మధ్యలో కాసేపు కూర్చున్న మనిషి.

"మంచిగ వచ్చింది కదా తమ్మీ. లేచి కూసున్నట్టే ఉన్నడు. నా తమ్ముడు పోయి తెచ్చిండు" అని వదిన కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆమె తమ్ముడు నేను లేనప్పుడు స్టూడియోకు పోయి, బావ చచ్చిపోయాడు, నేను తీసిన ఫోటో దినాలకు కావాలని అడిగాడు. ఉస్తాద్ కడిగిన రీలు చూశాడు, అందులో పనికొచ్చే ముఖం ఒక్కటే ఉంది. తనకు తెలిసిన పని చేశాడు.

ఆ మధ్యాహ్నం నేను స్టూడియోలో చేసిన గోల బయట రోడ్డు మీదికి వినిపించిందట. "ఎవరిని అడిగి ముట్టినవ్? నెగటివ్ ఎందుకు ముట్టినవ్?" అని తండ్రి వయసు మనిషి మీదికి పోయాను. ఉస్తాద్ బిత్తరపోయాడు.

"అరే మియా, మయ్యత్ కీ ఫోటో బోలే తో ఆంఖా ఖోల్నా కీ నై?" అన్నాడు. "దినాల ఫోటో అని జెప్పిండు ఆ పోరడు. చచ్చినోని కండ్లు మూసి ఎట్ల ఇస్త? ఇన్నేండ్లల్ల ఒక్కరికన్న ఇచ్చిన్నా?"

నిజమే, ఇవ్వలేదు. నెగటివ్ తీసుకుని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. పెన్సిలు తుడిచేయవచ్చు, దాంతో మడ్డి తిరిగి వస్తుంది. గీకిన చోటు మాత్రం ఫిల్మ్ పోయింది. అక్కడ అన్న రెప్పలు ఉండేవి. ఇంక లేవు. అసలు విషయం చెప్పాక ఉస్తాద్ భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత, "నేనే వచ్చి చెప్త. నా చేతిపని అని చెప్త" అన్నాడు.

ఇది విని సేటు మండిపడ్డాడు. "పాగల్ అయినవా? మన స్టూడియోల నెగటివ్ మారుస్తరని సర్కారీ ఆఫీసుల పోయి చెప్తవా? రేపు ఏ వకీలు వస్తడు నా దగ్గరికి? ప్రతి కేసుల అవతలోడు లేచి, గా స్టూడియోల దొంగ కండ్లు పెడతరట అంటడు. నా దుకాణం మీద మన్ను పోస్తవా?" ఆయన చెప్పింది కూడా అబద్ధం కాదు, అదే నాకు మరింత మంట. విచారణ రోజు ఉస్తాద్ మాత్రం ఉతికిన షేర్వాణీ వేసుకుని, మాకంటే ముందే వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు.

విచారణ చేసే ఆఫీసరు కోస్తా వైపు మనిషి. చెడ్డవాడిలా కనపడలేదు. వదినను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన ఫోటో చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సరిచేసుకుని చూశాడు.

"ఈయనేనా మీ ఆయన?"

"అవు సారు, మా ఆయననే."

"మరి ఇందులో బతికే ఉన్నాడుగా అమ్మా? రెస్టు తీసుకుంటున్నట్టున్నాడు. ఇది ఏ రోజుదైనా కావచ్చు. ఈయన మా దగ్గర పనిచేసేవాడే కదా, అది మేం కాదనలేదే."

వదిన నా వైపు చూసింది. నేను ముందుకు వచ్చి అంతా చెప్పాను, ఆ రోజు నేనే తీశానని, అప్పటికే చచ్చిపోయి ఉన్నాడని, కళ్ళు తర్వాత పెట్టినవని. నెగటివ్ ఇచ్చి గీకిన చోటు చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని, "నాకిందులో దెయ్యం కనిపిస్తోందయ్యా" అని నవ్వాడు. పక్కనున్న గుమస్తా కూడా నవ్వాడు. జమాదారు గోడవారగా నిలబడి పైకప్పు చూస్తున్నాడు.

అప్పుడు ఉస్తాద్ లేచాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. "సాబ్, ఆ కండ్లు నావి. నేనే తెరిపించిన. మొఖం మీది మడ్డి గూడ నేనే తీసేసిన. చచ్చినోళ్ళకు మేము గట్లనే చేస్తం. ఆయన కండ్లు మూసి ఉండె సాబ్."

నాకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. ఈ ముసలాయన మాట కాదనడం ఎవరి వల్ల అవుతుంది?

ఆఫీసరు ఫోటో బల్ల మీద పెట్టి, దాన్ని వేలితో మెల్లగా అటూ ఇటూ జరిపాడు. "లేని కళ్ళు పెట్టారు. ఉన్న మడ్డి తీశారు. మరి ఈ బండి? ఈ తాడు? ఈ మ్యాన్‌హోలు? అవి కూడా మీ చేతిపని కాదని నేనెలా నమ్మేది?"

"ఖుదా కసమ్ సాబ్, గవి నేను ముట్టలే."

"ముట్టారో లేదో ఫోటో చెప్పదుగా" అన్నాడు ఆయన, చాలా మర్యాదగా. ఫోటో తీసి వదిన చేతికి తిరిగి ఇచ్చేశాడు. "ఇది మీ దగ్గరే ఉంచుకోండమ్మా. మంచి ఫోటో."

ఉస్తాద్ నిజం చెప్పకపోతే ఆ ఫోటో ఏదో ఒక రోజుది. నిజం చెబితే అసలు ఫోటోనే కాదు. ఇటు పోయినా గోడే, అటు పోయినా గోడే. నేను అరిచాను. బల్ల మీద గుద్దాను కూడా. చప్రాసీ నా రెక్క పట్టుకుని బయటికి తెచ్చాడు.

నయాపూల్ మీద ముగ్గురం నడుస్తున్నాం. ఉస్తాద్ వదిన ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. వదినే మాట్లాడింది. "నువ్వేం జేసినవ్ బాపూ. నాకు మంచిగనే జేసినవ్. దినాల నాడు ఆ ఫోటో చూసి నేను గూడ గదే అన్న, బతికున్నట్టే ఉన్నడని." తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "తమ్మీ, మనిషి చచ్చిండని చెప్పడానికి ఇంకేం దేవాలె?"

సేటు ఉస్తాద్‌ను మర్నాడే మానిపించాడు. నేనూ మానేశాను. ఉస్తాద్ ఇంట్లో కూర్చుని పాత ఫోటోలకు రంగులు వేసి బతికాడు, కళ్ళ పని మాత్రం మళ్ళీ ముట్టలేదు. ఎవరైనా చావు ఫోటో తెస్తే, "నజర్ తగ్గింది" అని పంపించేసేవాడు. నజర్ ఏమీ తగ్గలేదు, వాకిట్లోంచి నన్ను గుర్తుపట్టి పిలిచేవాడు. నేను ఇంట్లోనే ఒక చీకటిగది చేసుకున్నాను. నా ఫిల్మ్ నేనే కడిగాను, ఎవ్వరినీ ముట్టనివ్వలేదు.

కొన్ని నెలలకు వదిన అదే ఆఫీసులో, అదే జమాదారు కింద, రోజుకూలీ మీద ఊడ్చే పనికి కుదిరింది. నాకు తెలిసి మండిపోయింది. "వాని కిందనే చెయ్యాలెనా వదినా?" అంటే, "ఇంకెవని కింద చెయ్యాలె, నువ్వే చెప్పు" అంది.

ఒక పొద్దున ఆమె చీపురు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"తమ్మీ, నాదొక ఫోటో తియ్యాలె. పని కాడికి వచ్చి తియ్యి. బండి పడాలె, ఆఫీసు పేరు పడాలె, జమాదారు గూడ పడాలె."

"ఎందుకు వదినా?"

"ఎందుకేంది? బతికుండంగనే తియ్యాలె. నా కండ్లు నేను తెరిచి ఉన్నప్పుడే తియ్యాలె. రేపు నాకేమన్న అయితే, పనికి రాలే అంటరు, పిల్లలు ఏం చూపిస్తరు?"

వెళ్ళాను. శాలిబండ అవతల ఒక గల్లీ. మ్యాన్‌హోల్ మూత తీసి ఉంది, పనివాళ్ళు తాళ్ళు విప్పుతున్నారు. ఆమె బండి పక్కన నిలబడింది, చీపురు నిటారుగా పట్టుకుంది. ఎండ సూటిగా ముఖంలోకి కొడుతోంది. నేను కొంచెం నీడలోకి జరగమన్నాను. ఆమె జరగలేదు, జరిగితే బండి మీది పేరు కనపడదట. "కండ్లు మూస్తనేమో, జెర చూసి తియ్యి" అంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా రెప్ప వేయలేదు.

తీశాను. ఆమె పక్కకు తప్పుకుంది. వెనక ఇంకో ఆడమనిషి తన మొగుణ్ణి చెయ్యి పట్టుకుని ముందుకు నెడుతోంది. అతని నడుముకు అప్పటికే తాడు కట్టి ఉంది.

"మా ఆయనది గూడ తియ్యి అన్నా, జల్ది. ఇప్పుడే లోపలికి దిగుతుండు."